మిషను వదిన, మిగిలిన స్క్రూ

మిషను వదిన సాధించిన మొదటి ఘనకార్యం గుర్రం బొమ్మ మిషనుకి ప్రాణం పోయడం. అప్పటికామెకు పంతొమ్మిదేళ్ళు. చదివింది అయిదో తరగతి, కాపురానికొచ్చి నాలుగు నెలలు. భర్త దర్జీ. ఒంటి మీద గుర్రం బొమ్మ అచ్చేసిన అతని కుట్టుమిషను ఒకరోజు ఉన్నట్టుండి కుట్లు తప్పడం మొదలుపెట్టింది. నాలుగు వేస్తే రెండు ఎగరగొట్టేది. ముగ్గురు మెకానిక్కులు వచ్చారు. మొదటివాడు మూత తీశాడు, చూశాడు, మూత పెట్టాడు. రెండోవాడు నూనె పోశాడు. మూడోవాడు చాలా పేరున్నవాడు కాబట్టి ఏమీ ముట్టుకోకుండానే, "దీని పని అయిపోయిందమ్మా. ఆ గుర్రం బొమ్మ కంపెనీయే మూతబడింది. తూకానికి అమ్మేసుకోండి" అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆమె అమ్మలేదు. వంటింటి నేల మీద పాత తెల్ల దుప్పటి పరిచి, మిషనును ఊడదీసి, ఊడదీసిన ప్రతి ముక్క చుట్టూ బొగ్గుతో గీత గీసి పక్కన అంకె వేసింది. నూట నలభై రెండు ముక్కలు. పదకొండు రోజులపాటు ఆ ఇంట్లో వంట వరండాలో జరిగింది. అత్తగారు మొదటి మూడు రోజులు తిట్టింది, తర్వాత మూడు రోజులు మాట్లాడలేదు, ఆ తర్వాత వచ్చి దీపం పట్టుకుని కూర్చుంది. పన్నెండో రోజు పొద్దున అన్నీ బిగించి పెడలు తొక్కితే మిషను గడగడా ఆడింది. గజం గుడ్డ మీద ఒక్క కుట్టు తప్పలేదు. వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది.

దుప్పటి మీద మాత్రం ఒక స్క్రూ మిగిలింది. కందిగింజంత ఉంటుంది. దాని పక్కనున్న అంకె ఎవరి కాలో తగిలి చెరిగిపోయింది.

"ఇదెక్కడిది?" అని అడిగాడు మరిది. అప్పటికతనికి పన్నెండేళ్ళు, మాటకి మాట ఎదురుచెప్పే వయసు.

"ఏమో."

"అయితే మిషను బాగుపడనట్టే కదా వదినా."

"ఆడుతోందిగా."

"ఆడితే మాత్రం? ఒకటి తక్కువుందిగా. ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోతుంది."

"ఎప్పుడు?"

"ఎప్పుడో."

"ఎప్పుడో అయితే అప్పుడు చూద్దాంలే. ముందు వెళ్ళి కాళ్ళు కడుక్కో. మసి చూడు!"

ఆ వాదన నలభై ఎనిమిదేళ్ళు సాగింది. మరిది కాలేజీకి వెళ్ళి, వాదించడమే ఒక చదువుగా ఉందని తెలుసుకుని, అదే చదివి, తత్వశాస్త్రం చెప్పే మాస్టారయ్యాడు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పి, రిటైరై, పెళ్ళీ గిళ్ళీ లేనివాడు కాబట్టి పెట్టె సర్దుకుని తిరిగి ఆ ఇంటికే వచ్చాడు. వచ్చిన మొదటి పూటే, చెప్పులు విడుస్తూ, "ఆ స్క్రూ సంగతి తేలిందా వదినా?" అని అడిగాడు.

"మిషను ఆగిందా మాస్టారూ?" అని అడిగింది ఆమె.

ఆగలేదు మరి.

ఆ మధ్య కాలంలో వదిన చేసినవన్నీ రాస్తే ఒక పుస్తకమవుతుంది, కొన్నే చెప్పుకోవాలి. ఆసుపత్రిలో దుప్పట్లు కుట్టే మిషన్లు ఆరు ఒకేసారి మొరాయిస్తే ఒక్క పూటలో ఆరింటినీ లేపింది. సర్కసువాళ్ళ డేరా కుట్టే మిషను, మూరెడు సూదిది, అంతకుముందెన్నడూ కంటితో చూడనిది, ముందు దానికి దణ్ణం పెట్టి తర్వాత బాగుచేసింది. బూట్ల కార్ఖానాకి పెద్ద కంపెనీ నుంచి ఇంజనీరు వచ్చి, లావుపాటి పుస్తకం తిరగేసి, మూడు రోజులు చెమటలు కక్కుతుంటే, ఆమె దారపు ఉండని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "చెమ్మ పట్టింది బాబూ, ఎండలో పెట్టించండి" అంది. ఆ ఇంజనీరు వెళ్ళేటప్పుడు ఆమె చేత తన పుస్తకం మీద సంతకం పెట్టించుకున్నాడు. ముప్పై ఒక్కమంది ఆడవాళ్ళకి ఈ పని నేర్పింది. అందులో తొమ్మిదిమందికి సొంత కొట్లున్నాయి. ఇవన్నీ కళ్ళారా చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, వెళ్ళి అడగవచ్చు.

కొట్టు అంటే ఇంటి ముందు గదే. కుడివైపు భర్త కుట్టు, ఎడమవైపు ఆమె రిపేరు. భర్త నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి కాబట్టి ఏది అడిగినా "మ్మ్" అంటాడు. ఆ "మ్మ్"ని వదిన తనవైపు లెక్కేసుకునేది, మరిది తనవైపు. ఆమె బల్ల మీద రెండు రేకు డబ్బాలుంటాయి. చేతికొచ్చిన ప్రతి మరనీ, స్ప్రింగునీ తిప్పి చూసి, "పనికొస్తుంది" అని ఒక డబ్బాలో వేస్తుంది. లేకపోతే "చూద్దాం" అని రెండోదాంట్లో. మూడో డబ్బా లేదు. దేన్నయినా పనికిరాదని పారేయడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. మిగిలిపోయిన స్క్రూ నలభై ఎనిమిదేళ్ళుగా "చూద్దాం" డబ్బాలోనే ఉంది.

"నా తత్వశాస్త్రం ఏ డబ్బాలో వదినా?" అని మరిది అప్పుడప్పుడూ కదిపేవాడు.

"చూద్దాం" అనేది ఆమె, తల ఎత్తకుండా.

నవ్వుతూనే అడిగేవాడు గానీ, ఆ ఒక్క మాట ఆమె నోటినుంచి "పనికొస్తుంది" అని వినాలని అతనికి చాలా ఉండేది. కాలేజీ ఇచ్చిన శాలువాలు మూడున్నాయి. అవేవీ ఆ కోరిక తీర్చలేదు.

ఇలా ఉండగా పాత కాలేజీ నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చి ఉపన్యాసం ఇమ్మని. కిందటేడూ ఇచ్చాడు. అప్పుడు ఆరుగురొచ్చారు. అందులో ఇద్దరు వాన తగ్గేదాకా కూర్చున్నారు, ఒకాయన ఫ్యాను బాగుచేయడానికి వచ్చాడు. అందుకే ఈసారి ప్రిన్సిపాలమ్మ కింద ఒక వాక్యం చేర్చింది. ఈ ఏడాది కూడా వినేవాళ్ళు లేకపోతే తత్వశాస్త్ర ఉపన్యాసాన్ని ఇక కార్యక్రమంలోంచి తీసేస్తారట. ఆ వాక్యాన్ని మాస్టారు రెండుసార్లు చదివాడు. తను చదువుకున్న చదువుకి ఆ కాలేజీలో మిగిలిన చోటు ఏడాదికి ఆ ఒక్క గంటే. అది తన చేతుల మీదుగా పోవడమా!

విషయం తనే ఎంచుకున్నాడు. అరవై నాలుగు పేజీలు రాశాడు. రాసిందంతా వదినకి వినిపించడం మొదలుపెట్టాడు.

"వ్యావహారికసత్తావాదం" అని గట్టిగా చదివాడు.

ఆమె స్క్రూడ్రైవర్ ఆపింది. "సత్తానా? ఎవరి సత్తా?"

"ఎవరిదీ కాదు వదినా. సత్తా అంటే ఇక్కడ ఉనికి, ఉండటం."

"సత్తా అంటే ఉండటమేంటయ్యా? సత్తా అంటే దమ్ము. వ్యవహారంలో సత్తా ఉన్నవాళ్ళ వాదం అన్నమాట."

"కాదు..."

"సత్తా ఉన్నవాళ్ళకి మళ్ళీ వాదం దేనికి? పని చేసుకుపోతారు."

మాస్టారు అన్నగారివైపు చూశాడు. "అన్నయ్యా, నువ్వు చెప్పు."

"మ్మ్" అన్నాడు అన్నయ్య.

"విన్నావా!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

మాస్టారు ఓపిక తెచ్చుకుని విడమర్చాడు. "చూడు వదినా, నీకు తెలిసిన మాటే. ఒక ఆలోచన పనికొస్తే అది నిజం, అంతే."

"అంతేనా? మొన్న కూరలో ఉప్పెక్కువైతే, బాగుంది వదినా అన్నావు. అది నిజమా?"

మాస్టారు కొంచెం నసిగాడు. "అది... పనికొచ్చింది కదా."

"ఎవరికి?"

"ఇంటికి. గొడవ లేకుండా అందరం పడుకున్నాం."

"మీ అన్నయ్య నాలుగు చెంబుల నీళ్ళు తాగి పడుకున్నాడు. పనికొచ్చిందట! దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ స్ప్రింగు పోతే కాగితం మడిచి దూర్చి ఇస్తారు చూడు దొంగ మెకానిక్కులు, అలా ఉంది నీ వాదం. ఆ పూటకి ఆడుతుంది. మర్నాడు ఎవరి గుడ్డ చిరుగుతుందో వాడికి తెలుస్తుంది, పనికొచ్చిందో లేదో."

మాస్టారు ఆ రోజు పదకొండు పేజీలు కొట్టేసి మళ్ళీ రాశాడు. అడిగితే, చేతిరాత బాగోలేదని చెప్పాడు.

ప్రయాణం ముందురోజు వదిన ఆ కాగితాల దొంతర చూసింది. విడివిడిగా ఉన్నాయి. "బస్సులో కిటికీ పక్కన కూర్చుంటావు, అన్నీ ఎగిరిపోతాయి. ఇలా ఇవ్వు, కుట్టించి పెడతా" అని తీసుకెళ్ళి భర్త బల్ల మీద పెట్టింది. అప్పటికి ఆయన ఆసుపత్రికి నాలుగొందల దిండు గలీబులు కుడుతున్నాడు. మూడొందల యాభై దాటాయి. చెయ్యి ఒక వరసలో పడిపోయింది. "మ్మ్" అన్నాడు. గుర్రం బొమ్మ మిషను గడగడలాడింది. చక్కగా కుట్టిన పుస్తకం, పైన నీలం అట్టతో సహా, మాస్టారి సంచిలోకి వెళ్ళింది.

వదిన కూడా బయల్దేరింది. "వినేవాళ్ళలో ఒకరైనా మనవాళ్ళుండాలి" అంది. పనిముట్ల సంచి భుజానికి తగిలించుకుంది.

"ఉపన్యాసానికి అదెందుకు వదినా?"

"నీకు కళ్ళజోడు ఎందుకో అందుకే."

హాలు నిండి ఉండటం చూసి మాస్టారు గుమ్మంలోనే ఆగిపోయాడు. ప్రిన్సిపాలమ్మ తెలివైన మనిషి, కుట్టు విభాగం ఆడపిల్లలు అరవైమందిని తెచ్చి కూర్చోబెట్టింది. వాళ్ళకి ఎలాగూ పని లేదు. వాళ్ళ మిషన్లు పదకొండూ పాడై ఆరు నెలలుగా స్టోరు గదిలో ఉన్నాయి.

మాస్టారు వేదికెక్కాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని నీలం అట్ట తిప్పబోయాడు. తిరగలేదు. ఎడమ పక్క కుట్టుంది. మంచిదే. కుడి పక్కనా కుట్టుంది. కిందా ఉంది. పైన మాత్రం తెరిచి ఉంది, దిండు దూర్చడానికి.

మాస్టారు ఆ తెరిచిన వైపునుంచి లోపలికి తొంగి చూశాడు. మొదటి పేజీలో "సభకు నమస్కారం" వరకు కనబడింది. సభకి నమస్కారం చెప్పాడు. తర్వాత ఏమీ తోచలేదు. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

వదినకి విషయం క్షణంలో అర్థమైంది. లేచి నేరుగా వేదిక దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి చిన్న కత్తెర తీసి, పుస్తకం అందుకుంది. "రెండు వైపులా విప్పడానికి పావుగంట పడుతుంది. కాగితం చిరక్కూడదు కదా. ఈలోపు నువ్వేదో ఒకటి మాట్లాడుతుండు" అని మెల్లగా చెప్పింది. మెల్లగానే చెప్పింది గానీ మైకు ముందు నిలబడి చెప్పింది.

హాలు గొల్లుమంది.

"ఏం మాట్లాడను వదినా?" అది కూడా మైకులోనే.

"నీకు టెన్షన్ ఎక్కువైంది. ఒక చుట్టు వదులు చేసుకో, దారం అదే వస్తుంది."

కుట్టు పిల్లలకి ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. చప్పట్లు కొట్టారు. మాస్టారు చూశాడు. వేదిక చివర నేల మీద కూర్చుని, కళ్ళు చికిలించుకుని, తన అరవై నాలుగు పేజీల కుట్లు ఒక్కొక్కటే తెంపుతున్న వదిన. చేతిలో కాగితం లేదు. ఉన్నది ఆ మనిషే. అతను ఆమెను చూపించి, "ఈవిడ పంతొమ్మిదేళ్ళప్పుడు ఒక మిషను బాగుచేసింది. ఒక స్క్రూ మిగిలింది" అని మొదలుపెట్టాడు.

దుప్పటి చెప్పాడు, బొగ్గు గీతలు చెప్పాడు, రెండు డబ్బాలు చెప్పాడు, ఉప్పెక్కువైన కూర చెప్పాడు. వ్యావహారికసత్తావాదం అనే మాట ఒక్కసారే వాడాడు, దాని అర్థం వ్యవహారంలో సత్తా ఉన్నవాళ్ళ వాదమని చెప్పాడు. "ఎవరైనా మీకు ఒక మాట తెచ్చి ఇది నిజం అంటే, ఒకటే అడగండి. ఇది నిజమైతే రేపు పొద్దున ఎవరి చెయ్యి ఏ పని వేరుగా చేస్తుంది? ఎవరి చెయ్యీ ఏదీ మార్చుకోకపోతే ఆ మాటతో మీకు పని లేదు. మార్చుకుంటే, ఎవరి చెయ్యి, ఆ చేతికి నొప్పి ఎంత, అది కూడా అడగండి. పనికొస్తుంది అనేది సగం మాట. ఎవరికి, ఎన్నాళ్ళు, ఎవరి ఖర్చు మీద, అనేది మిగతా సగం. ఈ రెండో సగం నాకు మా వదిన ఉప్పు గురించి చెబుతూ నేర్పింది."

అంతవరకూ వచ్చాక నోరు జారింది. "ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఆ స్క్రూ పక్కన అంకె చెరిపేసింది నా కాలే."

కత్తెర ఆగింది.

"నాకు తెలుసు" అంది వదిన, తల ఎత్తకుండా. "కాళ్ళు కడుక్కోమని ఊరికే అన్నానా?"

హాల్లో నవ్వులు తగ్గేదాకా ప్రిన్సిపాలమ్మ నిలబడి ఉండాల్సి వచ్చింది. నిలబడింది ఎందుకంటే, వచ్చే ఏడాది ఉపన్యాసం తేదీ ఇప్పుడే రాసుకోమని ప్రకటించడానికి. వదిన విప్పేసిన అరవై నాలుగు పేజీలూ తెచ్చి ఇచ్చింది. వాటితో ఎవరికీ పని పడలేదు. పిల్లలు మాస్టారిని ప్రశ్నలు అడిగారు. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినా, బెల్లు కొట్టాక కూడా ఎవరూ లేవకపోవడం అతనికి అదే మొదటిసారి. ఆ తర్వాత అందరూ కలిసి వదిన సంచి చుట్టూ మూగారు.

సాయంత్రం బస్సుకి మాస్టారు ఒక్కడే తిరిగొచ్చాడు. పదకొండు మిషన్లను చూశాక వదిన కదలనంది. "అరవైమంది ఆడపిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. వీటిని లేపి, బాగుచేసుకోవడం వాళ్ళకి నేర్పే వస్తా. కొట్టు తాళం నీది. ఎవరొచ్చినా మిషను పెట్టి వెళ్ళమను. నువ్వు మాత్రం స్క్రూడ్రైవర్ ముట్టుకోకు."

మూడో రోజే ముట్టుకున్నాడు. పక్కింటావిడ మిషను పట్టుకొచ్చి, "వదిన లేదా? మీకేమైనా తెలుసా?" అని అడిగింది. ఆ "ఏమైనా" అతనికి గుచ్చుకుంది. మూత విప్పి, మళ్ళీ బిగించాడు. మూడు స్క్రూలు మిగిలాయి. మిషను ఆడలేదు. మూడింటినీ తీసుకెళ్ళి "చూద్దాం" డబ్బాలో వేస్తుంటే అన్నయ్య గుండుసూదుల మధ్యనుంచి ఒక చప్పుడు చేశాడు. "మ్మ్" కాదది, నవ్వు.

ఆరో రోజు ఫోను మోగింది.

"మాస్టారూ! ఇక్కడ స్టోరు గదిలో గుర్రం బొమ్మ మిషను ఉందయ్యా! మనదానికి కవలపిల్ల! ఆ స్క్రూ ఎక్కడిదో తెలిసింది."

మాస్టారు ఫోను చెవికి అదుముకున్నాడు. "ఎక్కడిది?"

"బాబిన్‌కి కింది దారం చుట్టే చోట, చక్రం పక్కన, చిన్న ఇనుప చెవి ఉంటుంది చూడు. మనది ఒక్క స్క్రూ మీద వేలాడుతుంటుంది, సోకుకి పెట్టారనుకున్నాం. దానికి రెండు స్క్రూలు. రెండూ ఉంటే దారం దానిలోంచి తనే వరసగా చుట్టుకుంటుంది. లేకపోతే చెవి తిరిగిపోతుంది, మనిషి వేలు పెట్టి దారాన్ని నడిపించాలి." ఆమె గొంతు తగ్గింది. "నువ్వు అన్నావే, ఎవరి చెయ్యి అని అడగమని. ఈ చెవి చూడగానే ఆ మాటే గుర్తొచ్చింది. మీ అన్నయ్య చూపుడువేలు చూడు ఒకసారి."

మాస్టారు చూశాడు. అన్నయ్య బాబిన్ చుట్టుకుంటున్నాడు. దారం వేలి మీదుగా పరిగెడుతోంది. ఆ వేలి మీద గోరు పక్కన సన్నటి గాడి, నలభై ఎనిమిదేళ్ళ గాడి. రోజూ ఎదురుగా ఉన్నదే, అందరూ చూసిందే.

"అన్నయ్యా," అన్నాడు మాస్టారు, ఫోను మీద అరచెయ్యి మూసి, "ఆ స్క్రూ నీ బాబిన్ దగ్గరిదట!"

అన్నయ్య నోట్లోంచి గుండుసూదులన్నీ ఒక్కొక్కటే తీసి, బల్ల మీద వరసగా పెట్టాడు. ఆ ఇంట్లో ఇలాంటిది తరచు జరిగేది కాదు.

"నాకు తెలుసురా."

"ఎప్పట్నించి?"

"బాగుచేశాక మొదటి బాబిన్ చుట్టినప్పట్నించి. చెవి తిరిగిపోతుంటే కింద ఖాళీ రంధ్రం కనబడింది."

"మరి నోరు విప్పి చెప్పొచ్చుగా!"

"నువ్వేమో మిషను బాగుపడలేదంటావు. మీ వదినేమో బాగుపడిందంటుంది. చెబితే ఎవరో ఒకరు ఓడిపోవాలి. ఆ తర్వాత మీ ఇద్దరికీ పోట్లాడుకోడానికి ఏముంటుంది? నాకు వేలుందిగా." అని, మళ్ళీ గుండుసూదులు నోట్లో పెట్టుకుంటూ, ఫోనువైపు చూపించి తల అడ్డంగా ఊపాడు.

"ఏమయ్యా, ఉన్నావా? ఏమంటున్నాడు మీ అన్నయ్య?" వదిన అవతలనుంచి అరుస్తోంది.

మాస్టారు ఒక్క క్షణం తన ప్రశ్న తనే వేసుకున్నాడు. ఇప్పుడు చెబితే రేపు పొద్దున ఎవరి చెయ్యి ఏ పని వేరుగా చేస్తుంది? ఆ స్క్రూ ఎలాగూ బిగుస్తుంది. బిగించే చేతికి ఆ సంబరం మాత్రం ఉండదు.

"మ్మ్ అన్నాడు వదినా."

"ఆయనకేం తెలుస్తుంది పాపం! విను. ఆ స్క్రూని చూద్దాం డబ్బాలోంచి తీసి పనికొస్తుంది డబ్బాలో వెయ్యి. ఎవరూ బిగించొద్దు, ఇరవై మూడో తారీఖు పొద్దుటి బస్సుకి వస్తా, నా చేత్తో బిగిస్తా. మీ అన్నయ్య మొహం చూడాలి నేను." తర్వాత కొంచెం ఆగి, ఎవరికో చెబుతున్నట్టు అంది. "నీ ప్రశ్న కూడా అందులోనే వేసుకో. పనికొచ్చింది."

మాస్టారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. ఆ కందిగింజంత స్క్రూని వెతికి, ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి మార్చాడు. అప్పటికే బయట పక్కింటావిడ తన మిషను ఏమైందని తలుపు కొడుతోంది. అతను అరవై నాలుగు పేజీల్లోంచి ఒకటి తీసుకుని, వెనక్కి తిప్పి, బొగ్గుతో పెద్ద అక్షరాల్లో రాసి, కొట్టు తలుపుకి నాలుగు గుండుసూదులతో గుచ్చాడు: "మిషను వదిన ఊళ్ళో లేదు. ఇరవై మూడో తారీఖు, శుక్రవారం, పొద్దుటి బస్సుకి వస్తుంది."